అదురు: శకునం నుంచి నరాల భయం దాకా

అంగస్ఫురణం అంటే ఒంట్లో ఏదో ఒక చోట కండ తనంతట తాను అదిరి, కాసేపటికి ఆగిపోవడం. కనురెప్ప, భుజం, తొడ, పిక్క, బొటనవేలి మొదలు దీనికి అలవాటైన చోట్లు. వాడుకలో కన్నదరడం అంటారు, కన్ను కొట్టుకోవడం అంటారు. డాక్టర్ల భాషలో ఇది ఫాసిక్యులేషన్. ఈ అదురుకు జనం చెప్పుకునే అర్థాలను ఒక ప్రాంతంలో చూద్దాం. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద పట్నానికి పాతిక కిలోమీటర్ల దూరంలో మొయినాబాద్, నలభై దాటాక చేవెళ్ల వస్తాయి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఇవి హైదరాబాద్ జిల్లా ఊళ్లే. ఒకపక్క టమాటా, పూల తోటలు, ఇంకోపక్క ఫామ్‌హౌసులు, వైద్య కళాశాలలు ఉన్న ఈ ప్రాంతంలో అదురుకు ఒకటి కాదు, నాలుగైదు అర్థాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. తెలుగునేల మీద మిగతా చోట్లా ఇంతే. కాకపోతే పల్లెకూ పట్నానికీ నడుమ ఉండడంవల్ల ఇక్కడ అన్నీ ఒకే చోట కనిపిస్తాయి.

వీటిలో అన్నిటికన్నా పాతది శకునం. రాజు దండయాత్రకు బయలుదేరే ముందు గమనించాల్సిన నిమిత్తాలలో దేహస్పందనాన్ని మత్స్యపురాణం ఒక అధ్యాయంగా చెప్పింది. నడినెత్తి అదిరితే భూలాభం, నుదురు అదిరితే స్థానవృద్ధి అంటూ తల నుంచి పాదం దాకా ఫలితాలు వరుసగా వస్తాయి. మగవారికి కుడి మంచిది, ఆడవారికి ఎడమ మంచిది. చెడు సూచన కనబడితే ఏం చేయాలో కూడా అక్కడే ఉంది: బ్రాహ్మణులకు బంగారం దానమివ్వాలి. దానం పుచ్చుకునేవారే శాస్త్రం చెప్పేవారు కాబట్టి ఈ విరుగుడులో ఆశ్చర్యమేమీ లేదు. అయితే చెడు సూచన పక్కనే దాని విరుగుడూ ఉందన్న సంగతి గుర్తు పెట్టుకోదగ్గది.

కావ్యాలు ఈ నమ్మకాన్ని ఇంటింటికీ చేర్చాయి. వాల్మీకి కిష్కింధాకాండలో రాముడు, సుగ్రీవుడు అగ్నిసాక్షిగా స్నేహం చేసుకున్న క్షణంలోనే సీతకూ, వాలికీ, రావణుడికీ ముగ్గురికీ ఎడమకన్ను అదురుతుంది. అదురు ఒకటే. ఆమెకు శుభం, వాళ్లిద్దరికీ చావు. సుందరకాండలో సీత ప్రాణం తీసుకుందామనుకునే వేళ ఎడమకన్ను, ఎడమ భుజం, ఎడమ తొడ అదిరి ఆమెను ఆపుతాయి. కాళిదాసు దుష్యంతుడికి ఆశ్రమం గడపలో కుడిభుజం అదురుతుంది. నిండుకొలువులో శకుంతలకు కుడికన్ను అదురుతుంది. మొదటిది పెళ్లికి, రెండోది తిరస్కారానికి ముందుమాట. భాగవతంలో కృష్ణుడి కోసం ఎదురుచూసే రుక్మిణికి ఎడమకన్ను, భుజం, తొడ అదిరిన ఘట్టాన్ని పోతన తెలుగులోకి తెచ్చాడు. రుక్మిణీ కల్యాణం పెళ్లికాని ఆడపిల్లల చేత చదివించడం తెలుగిళ్లలో ఆనవాయితీ. అందువల్ల పురాణం పుస్తకం ఎన్నడూ చూడని ఇంట్లో కూడా ఆడపిల్లకు ఎడమకన్ను అదిరితే మంచి జరుగుతుందన్న మాట తెలుసు.

అచ్చుయంత్రం వచ్చాక ఈ శాస్త్రం పంచాంగంలోకి దిగింది. తెలుగు పంచాంగాలలో బల్లిపాటు ఫలాల దగ్గర్లోనే అంగస్ఫురణ ఫలాలు ఉంటాయి. అవయవం పేరు ఒక గడిలో, ఫలం దాని ఎదురు గడిలో. ధనలాభం, బంధుదర్శనం, కలహం, వస్త్రలాభం, ప్రయాణం అన్నట్టు ఫలం ఒకటి రెండు మాటల్లో తేలిపోతుంది. ఒక పంచాంగంలో ఉన్న ఫలం ఇంకోదానిలో ఉండకపోవచ్చు. చూసేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు కూడా. కన్నదిరిన మనిషి పంచాంగం తీసి చూస్తాడు, లేదా ఇంట్లో పెద్దామెను అడుగుతాడు. ఆమె మంచిదే అంటుంది, లేకపోతే దేవుడికి దండం పెట్టుకొమ్మంటుంది. సాయంత్రానికి చుట్టమో, కబురో రావడమో, రాకపోవడమో జరుగుతుంది. అంతటితో ఆ అదురు సంగతి ముగుస్తుంది.

నిజాం రాజ్యంలో ఈ నమ్మకం హిందువులకే పరిమితం కాలేదు. అరబీ, ఫారసీ, ఉర్దూ సంప్రదాయంలో ఒంటి అదురును ఇఖ్తిలాజ్ అంటారు. అవయవాల వారీగా ఫలాలు చెప్పే ఇఖ్తిలాజ్ గ్రంథాలు ఇస్లామీ ప్రపంచమంతటా ఉన్నాయి. వాటికన్నా ముందే మెలాంపస్ పేరిట గ్రీకు భాషలో ఇలాంటి గ్రంథం చలామణీలో ఉండేది. దాని తునకలు ఈజిప్టు పపైరస్ చుట్టల మీద దొరికాయి. ఎవరి నుంచి ఎవరు నేర్చారో తేల్చడం కష్టం. పల్లెలో గుడి పూజారినడిగినా, మసీదు దగ్గర మౌల్వీనడిగినా మనిషికి దొరికే జవాబు తరహా ఒకటే: ఇది వస్తుంది, లేదా ఇది పోతుంది. ఆ జవాబు రోగం గురించి కాదు.

రోగం గురించి అడగాల్సింది వైద్యుణ్ణి. ఆయుర్వేదంలో అదురు వాతం కిందికి వస్తుంది. చరకుడు వాతరోగాలను 80గా లెక్కపెట్టాడు. వాతం ఒళ్లంతా ప్రకోపిస్తే అంగాలు అదురుతాయనీ, విరిచేసినట్టు ఉంటాయనీ చెప్పాడు. చికిత్స నూనె మర్దన, కాపడం, వస్తి (ఎనిమా). ఇందులో గమనించాల్సింది ఒకటుంది. శకునశాస్త్రంలోని అదురు, వైద్యశాస్త్రంలోని అదురు ఒకదాని జోలికి ఒకటి పోలేదు. ఒక్క క్షణం అదిరి ఆగితే అది పంచాంగానికి, విడవకుండా అదురుతూ నొప్పో పట్టో తోడైతే అది వైద్యుడికి. ఈ వాటాల పంపకం ఎవరూ రాసి పెట్టలేదు గానీ ఆచరణలో చాలాకాలం చక్కగా నడిచింది.

జనం నిజంగా భయపడిన వాతాలు వేరే ఉన్నాయి. పక్షవాతం, ధనుర్వాతం, పిల్లల కాళ్లు చచ్చుబడే పోలియో. వీటికి భయపడడంలో అర్థముంది. అవి కళ్లముందు మనుషుల్ని పడగొట్టాయి. పక్క జిల్లా నల్లగొండలో నీళ్లలోని ఫ్లోరైడ్ వెన్నెముకను బిగించి, వెన్నుపామును నొక్కి మనుషుల్ని మంచాన పడేసిన తీరును ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించాడు. అంటే ఈ నేల మీద నరాల జబ్బు ఊహ కాదు. అది పెద్ద పేర్లతో, పెద్ద లక్షణాలతో వచ్చింది. కనురెప్ప అదిరితే అది పక్షవాతానికి మొదలని అనుకోవడం మాత్రం పాత పల్లె ఆలోచన కాదు.

రోగం ముదిరితే దారి పట్నానికే. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకుపోయింది. ఆ వరద తర్వాతే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మధ్యలో 1925 నాటికి నది ఒడ్డున ఉస్మానియా దవాఖాన లేచింది. ఆ విధంగా మొయినాబాద్ పక్కన ఉన్న రెండు జలాశయాలూ, అక్కడి రోగులు ఎక్కిన పెద్దాసుపత్రి మెట్లూ ఒకే వరద ఇచ్చినవి. చార్మినార్ పక్కన యూనానీ వైద్యానికి నిజామియా తిబ్బీ దవాఖాన ఉండనే ఉంది.

దవాఖానకూ పంచాంగానికీ చిక్కని అదురు కొన్ని చోట్ల బాణామతి అనే చేతబడి లెక్కలోకి వెళ్లింది. మెదక్, రంగారెడ్డి జిల్లాలలోనూ, కర్ణాటకలోని బీదర్, గుల్బర్గా వైపూ ఈ నమ్మకం బలంగా ఉండేది. ఒళ్లు వణకడం, కాళ్లూచేతులూ కొట్టుకోవడం, అరుపులు, స్పృహ తప్పడం ఒక ఇంట్లో మొదలై వాడంతా పాకేవి. ఎవరో చేయించారన్న అనుమానం ఒక మనిషి మీద పడేది. మంత్రం పలకకుండా చేస్తామని ఆ మనిషి పళ్లూడగొట్టిన ఘటనలు, చంపేసిన ఘటనలు తెలంగాణలో నమోదయ్యాయి. మానసిక వైద్యులు, హేతువాదులు, ఇంద్రజాలికులు పల్లెలు తిరిగి, దీనికి మూలం భయమేననీ, భయం ఒకరి నుంచి ఒకరికి పాకుతుందనీ ప్రదర్శనలతో చెప్పుకొచ్చారు. శకునం అదురును భవిష్యత్తుతో ముడిపెడితే, బాణామతి దాన్ని ఇంకో మనిషితో ముడిపెట్టింది. ఈ చరిత్ర మొత్తంలో అదురు పేరున పరాయి మనిషి రక్తం కారింది ఇక్కడే.

ఆధునిక భయానికి విత్తనం పడింది ఐరోపా, అమెరికాలలో, చిత్రంగా రెండూ ఒకే ఏడు: 1869. పారిస్‌లో షార్కో, జోఫ్రాయ్‌తో కలిసి వెన్నుపాములోని చలననాడీ కణాలు చచ్చిపోయి కండరాలు కరిగిపోయే జబ్బును వర్ణించాడు. 1874లో దానికి ఎమియోట్రాఫిక్ లేటరల్ స్క్లెరోసిస్, అంటే ఎ.ఎల్.ఎస్. అన్న పేరు స్థిరపడింది. అదే 1869లో అమెరికాలో జార్జ్ బియర్డ్ న్యూరస్తీనియా అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు: నాడీశక్తి అయిపోవడంవల్ల వచ్చే నీరసం, నిద్రలేమి, దడ, అదురు. మొదటిది నిజమైన జబ్బు, చాలా అరుదు. రెండోది వైద్యగ్రంథాల నుంచి దాదాపు చెరిగిపోయింది. తెలుగునాట ముందు పాతుకున్నది మాత్రం రెండోదే. నరాల బలహీనత పేరుతో అది గోడల మీదికి, పత్రికల వర్గీకృత ప్రకటనల్లోకి, బస్టాండు గోడలకంటించిన కాగితాల్లోకి ఎక్కింది. ఆ పేరు చెప్పి లేహ్యాలు, టానిక్కులు అమ్ముడుపోయాయి. పల్లెలో ఆర్‌ఎంపీ డాక్టరు దానికి బి-కాంప్లెక్సు సూది వేస్తాడు, గ్లూకోజ్ ఎక్కిస్తాడు. సూది పడ్డాక రెండు రోజులు బాగుంటుంది. సూది వేసినందుకు బాగుందా, తనను ఒకరు పట్టించుకున్నందుకు బాగుందా అన్నది వేరే ప్రశ్న.

అదురు ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది. వెన్నుపాములోని ఒక్కో చలననాడీ కణం నుంచి ఒక తీగ బయలుదేరి కండలోని అనేక పోగులను ఆడిస్తుంది. ఆ తీగ మనిషి ఆజ్ఞ లేకుండా ఒక్కసారి పేలితే దాని కింది పోగులన్నీ కలిసి చర్మం కింద మెదులుతాయి. డెనీ-బ్రౌన్, పెన్నీబేకర్ 1938లో దీన్ని మిగతా కండర కదలికల నుంచి వేరుచేసి చూపారు. పదేళ్లకు, 1948లో, డెనీ-బ్రౌన్, ఫోలీ ఇంకో ముఖ్యమైన మాట చెప్పారు: ఇదే అదురు ఏ జబ్బూ లేని వాళ్లలోనూ వస్తుంది, ప్రమాదం లేకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. నిద్ర చాలకపోవడం, ఎక్కువ టీ కాఫీలు, కాయకష్టం, వాంతులు విరేచనాలతో లవణాలు తగ్గడం, థైరాయిడ్, ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ లాంటి మందులు దీనికి కారణాలు. భయం కూడా ఒక కారణమే. భయపడితే అదురు పెరుగుతుంది, పెరిగిన అదురు భయాన్ని పెంచుతుంది.

ఎ.ఎల్.ఎస్. జబ్బులో వరస వేరు. అక్కడ ముందు పట్టు పోతుంది. తాళంచెవి తిప్పలేకపోవడం, చొక్కా గుండీ పట్టుబడకపోవడం, నడుస్తుంటే ఒక కాలి చెప్పు జారిపోవడం, మాట ముద్దగా రావడం, కండ కరిగి బొటనవేలి మొదట గుంట పడడం. అదురు వీటితో పాటు ఉంటుంది. చాలాసార్లు రోగి దాన్ని గమనించడు, డాక్టరే చూసి చెబుతాడు. ఏడాదికి లక్షమందిలో సుమారుగా ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. దక్షిణాదికి దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది: 1970లో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి వర్ణించిన మద్రాసు తరహా చలననాడీ వ్యాధి. పడుచువాళ్లకు వచ్చి, ముఖకండరాలను, గొంతును, చాలామందిలో వినికిడిని కూడా దెబ్బతీస్తుంది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల నుంచే దీని రోగులు ఎక్కువగా నమోదయ్యారు. ఇదీ అరుదే.

చేవెళ్ల వైపు అదురును తక్షణం పట్టించుకోవాల్సిన సందర్భం ఒకటుంది, అది పంచాంగంలోనూ లేదు, పట్నపు భయాల జాబితాలోనూ పెద్దగా కనబడదు. కూరగాయల మడిలో, పూలతోటలో మందు కొట్టే మనిషికి గాలివాలు చూసుకోకపోయినా, పంపు కారి వీపు తడిసినా ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. నాడి చివర ఆజ్ఞను చెరిపేసే ఎంజైమును అది పనిచేయనివ్వదు. చెమట, చొంగ, వాంతులు మొదలవుతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఆ తర్వాత పిక్కల మీద, ఛాతీ మీద, కనురెప్పల్లో కండలు పురుగులు పాకినట్టు అదురుతాయి. పురుగుమందు తాగిన వాళ్లలో ఇంకా తొందరగా. అట్రోపిన్ సూది చొంగను, చెమటను ఆపుతుంది, అదురును ఆపదు. మొదటి రోజు గండం గడిచినా రెండు మూడు రోజులకు మెడ నిలవకపోవడం, ఊపిరి కండరాలు పట్టు తప్పడం జరగొచ్చు. పుణె డాక్టర్లు 1970లలో, శ్రీలంక డాక్టర్లు 1987లో దీన్ని గుర్తించి రాశారు. బతికి బయటపడిన కూలీ అదురును నరాల జబ్బు అనడు, మందు తగిలింది అంటాడు. అతని నిర్ధారణే సరైనది.

భయం పట్టుకున్నది ఇంకో వర్గాన్ని. 1996 నాటి 111 జీవో జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో పెద్ద కట్టడాలను ఆపింది. దానివల్ల మొయినాబాద్ పొలాలు ఫామ్‌హౌసులయ్యాయి. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగుల సెలవు రోజులు ఇటు మళ్లాయి. మొయినాబాద్ మండలంలో భాస్కర్ వైద్య కళాశాల, చేవెళ్లలో పట్నం మహేందర్‌రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ వచ్చాయి. అదురు భయానికి ప్రపంచమంతటా సులువుగా లోబడే రెండు గుంపులు ఇవే: రాత్రులు మేలుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు, వైద్యం చదువుతున్నవాళ్లు. మొదటివాళ్లకు నిద్రలేమి, కాఫీ అదురు తెస్తాయి, చేతిలోని ఫోను దానికి పేరు పెడుతుంది. రెండోవాళ్లకు నాడీశాస్త్రం పాఠం మొదలైన వారంలోనే తమ పిక్క అదరడం కనబడుతుంది. వైద్యుల్లో కనిపించే ఈ భయానికి ఆస్ట్రేలియా నాడీవైద్యులు సైమన్, కీర్నన్ 2013లో ప్రత్యేకంగా పేరే పెట్టారు. వాళ్లు చూసిన వైద్యుల్లో ఎవరికీ ఎ.ఎల్.ఎస్. రాలేదు. దానికి ఇరవై ఏళ్ల ముందే, 1993లో, అమెరికాలోని మేయో క్లినిక్ కేవలం అదురుతో వచ్చిన 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల దాకా గమనించి, ఒక్కరికీ ఆ జబ్బు రాలేదని ప్రకటించింది.

ఎ.ఎల్.ఎస్. పేరు ఇంగ్లీషు పత్రికలు దాటి సామాన్య జనానికి చేరింది 2014 ఆగస్టులో. ఐస్ బకెట్ ఛాలెంజ్‌లో జనం నెత్తిన చన్నీళ్లు గుమ్మరించుకున్నారు. హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి అప్పుడే దాన్ని రైస్ బకెట్ ఛాలెంజ్‌గా మార్చి, నీళ్లు వృథా చేసే బదులు ఒక బకెట్ బియ్యం లేనివారికి ఇమ్మన్నారు. బియ్యం బకెట్‌తో ఆకలి గుర్తుకొచ్చింది, జబ్బు వెనక్కి పోయింది. నెత్తిన నీళ్లు పోసుకున్న వీడియోలు మాత్రం ఫోన్లలో మిగిలాయి. కాళ్లూచేతులూ పడిపోయి మాట పోయే జబ్బొకటి ఉందనీ, దానికి మందు లేదనీ వాటితో ఊరూరా తెలిసింది. జబ్బు నడకను కొద్దిగా నెమ్మదింపజేసే రిలుజోల్ 1995 నుంచీ ఉంది. పూర్తిగా నయంచేసేది నేటికీ లేదు.

పాత పట్టికతో ఈ కొత్త భయాన్ని పోలిస్తే తేడా నమ్మకానికీ విజ్ఞానానికీ మధ్య ఉన్నదొక్కటే కాదు. పంచాంగం గళ్లలో మంచి ఫలాలూ ఉన్నాయి, చెడుకు విరుగుడూ ఉంది, ఫలం తేలే గడువూ దగ్గరే. ఫోనులో వెతికే మనిషికి దొరికే పట్టికలో అదురుకు ఎదురు గడిలో చావు ఒక్కటే పైకి తేలుతుంది. గడువు రెండేళ్లో మూడేళ్లో. విరుగుడు గడి ఖాళీ. ఇందులో శాస్త్రం తప్పేమీ లేదు. అరుదైన జబ్బు గురించి రాసిన పుటను మామూలు అదురు ఉన్నవాడు చదవడమే చిక్కు. భయపడ్డ మనిషి రోజుకు పదిసార్లు మునివేళ్ల మీద నిలబడి, మడమల మీద నడిచి, అద్దంలో నాలుక చాపి చూసుకుంటాడు. చాపిన నాలుక ఎవరికైనా కాస్త వణుకుతుంది. డాక్టరు నాలుకను నోట్లోనే విశ్రాంతిగా ఉంచమని టార్చి వేసి చూసేది అందుకే. ఈ చూసుకోవడానికి ముగింపు లేదు, మొక్కుకు ఉంది: మొయినాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోరినప్పుడు 11, తీరాక 108 ప్రదక్షిణలు చేసే ఆచారం ఉంది. వీసాల కోసం పేరుపడ్డా, ఆరోగ్యం కోరి తిరిగేవాళ్లూ అక్కడ ఉంటారు.

నాడీవైద్యుడి దగ్గర పరీక్షకు ఎక్కువ సరంజామా అక్కర్లేదు. తొడ, పిక్క, భుజం బట్ట తొలగించి కాసేపు కదలకుండా చూడాలి. కండ నిండుగా ఉందా, పట్టు సమంగా ఉందా, సుత్తి తగిలిస్తే మోకాలు ఎంత ఎగురుతోంది, అరికాలు గీస్తే బొటనవేలు ఎటు వంగుతోంది. అనుమానం మిగిలితే ఈఎంజీ. సన్న సూదిని కండలో గుచ్చి, కండ విద్యుత్తును తెర మీద చూస్తూ స్పీకర్లో వింటారు. నాడి తెగిపోయిన కండ ఊరికే ఉండగానే రేకుల కప్పు మీద చినుకుల్లా టపటపమంటుంది. మామూలు అదురున్న కండ నిశ్శబ్దంగా ఉండి, ఎప్పుడో ఒక్కసారి ఠప్‌మంటుంది. అన్నీ సరిగ్గా ఉంటే ప్రమాదం లేని అదురు అని రాస్తారు.

కాగితం చేతికొచ్చాకా భయం పోనివాళ్లు ఉంటారు. ఇంకో డాక్టరు, ఇంకో ఈఎంజీ, మెదడుకు ఎమ్మారై. ప్రతి పరీక్షా కొద్ది రోజుల శాంతినిచ్చి, ఆ తర్వాత మరో పరీక్ష కావాలనిపిస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో హైపోకాండ్రియాసిస్ అన్న పాత పేరు తీసేసి, ఇలాంటి స్థితిని రోగ ఆందోళన రుగ్మతగా వర్గీకరించింది. పరీక్షలు మాని, నాలుకను, పిక్కను చూసుకునే అలవాటును కొద్దికొద్దిగా తగ్గించే ఆలోచనా చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. అవసరమైతే ఆందోళన తగ్గించే మందులు వాడతారు. అనుభవమున్న నాడీవైద్యులు పరీక్ష ఒక్కసారి పూర్తిగా చేసి, చూసిందేమిటో విడమరచి చెప్పి, పట్టు తగ్గితే తప్ప మధ్యలో రావద్దని, ఆర్నెల్లకు మళ్లీ చూస్తామని తేదీ రాసిస్తారు.